ఏది పగలాలి, ఎక్కడ పగలాలి: జేన్ రిమూవర్ ‘రివెంజ్‌సీకర్జ్’ శబ్దాన్ని విప్పి చూస్తే

(ఇంట్లో లాప్‌టాప్ మీద పాటలు చేసుకునేవారి కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మాటలు తర్వాత, ముందు ఇది వినండి.

(‘రివెంజ్‌సీకర్జ్’ ఆల్బమ్ చివరి పాటలోంచి ఇరవై సెకన్లు వినిపించారు)

ముందు వరుసలో ఇద్దరు చెవుల మీద చేతులు పెట్టేసుకున్నారు. వెనక ఒకాయన స్పీకర్ వైరు ఊడిందేమోనని అటు చూస్తున్నారు. వైరు గట్టిగానే ఉందండీ. పాటే అంత. “సౌండ్ పగిలిపోతోంది” అంటాం చూడండి, ఆ పగలడాన్ని కొలిచి, తూచి పెట్టిన పాట ఇది. ఈ గంటసేపూ మనం అడుగుతూ ఉండాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో ఏది పగులుతోంది, ఏది పగలకుండా మిగిలింది?

ఆల్బమ్ 2025 ఏప్రిల్ 4న వచ్చింది. పన్నెండు పాటలు, దాదాపు 50 నిమిషాలు. చేసింది జేన్ రిమూవర్. 2003లో పుట్టింది, ఊరు న్యూజెర్సీ. ఇది వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఒకటి. అప్పటికే వేర్వేరు పేర్లతో కనీసం అరడజను ఆల్బములు చేసేసింది.

ఆమె మొదలైంది హైపర్‌పాప్‌లో, అంటే పాప్ పాటని కావాలనే అతిగా సాగదీసి, పగలగొట్టి చేసే సంగీతంలో. దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. 2013లో ఏ.జీ. కుక్ లండన్‌లో పీసీ మ్యూజిక్ అనే లేబుల్ పెట్టాడు. అదే రోజుల్లో సోఫీ అనే నిర్మాత డ్రమ్ముల శాంపిళ్లు (ముందే రికార్డు చేసిన ముక్కలు) వాడకుండా, ప్రతి శబ్దాన్నీ సింథసైజర్‌లో మొదటినుంచీ తయారుచేయడం మొదలుపెట్టింది. బుడగ చిట్లిన చప్పుడు, రబ్బరు సాగిన చప్పుడు, రేకు మోగిన చప్పుడు, అన్నీ అలా పుట్టినవే. 2019లో 100 గెక్స్ అనే జంట ఇరవై మూడు నిమిషాల ఆల్బమ్‌తో దీన్ని కుర్రకారులోకి తోసింది. అదే ఏడు స్పాటిఫై ‘హైపర్‌పాప్’ పేరుతో ఒక ప్లేలిస్ట్ పెట్టింది, పేరు స్థిరపడిపోయింది. 2020లో లాక్‌డౌన్‌తో ఇంట్లో కూర్చున్న పదహారు, పదిహేడేళ్ల పిల్లలు డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో కలుసుకుని, పాటలు చేసి సౌండ్‌క్లౌడ్ అనే సైట్‌లో పెట్టేశారు. జేన్ వచ్చింది ఆ గుంపులోంచి.

ఇప్పుడు అసలు విషయం. ఈమె గురించి సాధారణంగా చెప్పేది ఇది: మొదట గోల చేసింది, తర్వాత గిటార్ పట్టుకుని నెమ్మదించింది, ఇప్పుడు మళ్లీ గోలకొచ్చింది. నాకు ఆ లెక్క కుదరదు. గోల ఎప్పుడూ తగ్గలేదు. అది ఉండే చోటు మారుతూ వచ్చింది.

మొదటి చోటు చూద్దాం. 2021, 2022ల్లో లెరాయ్ అనే మారుపేరుతో ‘డారియాకోర్’ వరసలో మూడు ఆల్బములు పెట్టింది. అక్కడ పగిలేది ఇతరుల పాట. అందరికీ తెలిసిన పాప్ పాటను పట్టుకుని, వేగం పెంచి, శ్రుతి పైకి లాగి, ముక్కలుగా తరిగి, ఆ ముక్కల్ని జెర్సీ క్లబ్ కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) మీద పేర్చడం. జెర్సీ క్లబ్ ఆమె సొంత రాష్ట్రపు డాన్స్ సంగీతం. దాని కిక్ నడక మనకు చాలా తేలిగ్గా అందుతుంది. ఒక బార్‌ని, అంటే నాలుగు బీట్ల ఆవర్తాన్ని, పదహారు గళ్లు చేయండి. కిక్ 1, 5, 9, 12, 15 గళ్లలో పడుతుంది. అంటే మధ్య దూరాలు 4, 4, 3, 3, 2. నోటితో అనండి: తకధిమి, తకధిమి, తకిట, తకిట, తక. ప్రతి మాట మొదటి అక్షరం మీద కిక్. అంతే. మృదంగం నేర్చుకున్నవాళ్లు ఇది రెండు నిమిషాల్లో పట్టేస్తారు. మౌస్‌తో గళ్లు నొక్కుతూ నేర్చుకున్నవాళ్లకి ఆ చివరి ‘తక’ దగ్గర తడబాటు వస్తుంది. ఆ రెండు గళ్ల ఇరుకే తర్వాతి బార్‌లోకి తోస్తుంది. అక్కడ మూడు గళ్లు ఇచ్చారా, పాట నిలబడిపోతుంది.

రెండో చోటు ‘ఫ్రెయిల్టీ’, 2021 నవంబర్. అప్పటికి ఆమె పేరు అచ్చులు లేని ఐదు ఇంగ్లిష్ అక్షరాలు, ‘డిలీట్ జీక్’ అని పలకాలి. 2022లో జేన్ రిమూవర్‌గా మారింది. ఇక్కడ పగిలేది పాట నిర్మాణం. పల్లవి, చరణం అనుకుంటూ వింటుంటే, చేత్తో మీటిన గిటార్ కింద ఉన్నట్టుండి వీడియోగేమ్ బీప్‌లు, డ్రమ్ముల తుపాను. గొంతు ఆటోట్యూన్‌లో (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో) మునిగి ఉంటుంది.

మూడో చోటు ‘సెన్సస్ డెజిగ్నేటెడ్’, 2023 అక్టోబర్. పది పాటలు, దాదాపు గంట. పాట ఒక్కొక్కటీ నిదానంగా పెరిగి, చివర్లో గిటార్ గోడ కూలినట్టు మీద పడుతుంది. ఇక్కడ పగిలేది గిటార్. గొంతు చాలావరకు బట్టబయలు, ఒక్కోచోట అరుపు. హైపర్‌పాప్ పిల్ల రాక్ చేసిందని అప్పట్లో ఆశ్చర్యపోయినవాళ్లున్నారు గానీ, ‘ఫ్రెయిల్టీ’ శ్రద్ధగా విన్నవాళ్లకి ఆశ్చర్యం లేదు.

ఈ గిటార్ గోడ ఎలా కట్టాలో చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ ఒకే తప్పు చేస్తారు. మామూలుగా గిటార్‌కి ముందు ఫజ్ (శబ్దాన్ని గరుకుగా పగలగొట్టేది), తర్వాత రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని ఇచ్చేది) పెడతాం. దాన్ని తిరగేయండి. రివర్బ్ ముందు, ఫజ్ వెనక. అప్పుడు రివర్బ్ తోక కూడా ఫజ్‌లో నలిగి, అసలు మీటుకీ దాని ప్రతిధ్వనికీ తేడా చెరిగిపోతుంది. షూగేజ్ అనే రాక్ శైలిలో వినిపించే గోడ ఇదే. రెండోది, పూర్తి కార్డ్ పట్టకండి. గాంధారం కలిస్తే ఫజ్‌లో స్వరాలు ఒకదాన్నొకటి కొరుక్కుని బురదవుతుంది. స–ప జోడీ చాలు. 2కి 3 నిష్పత్తి కాబట్టి పగిలినా శ్రుతిలోనే ఉంటుంది. మూడోది, అందరూ చేసే తప్పు: ఒకసారి వాయించినదాన్ని కాపీ చేసి ఎడమకొకటి, కుడికొకటి పెట్టడం. రెండూ ఒకటే అలలైతే చెవికి అది నడిమధ్యే వినిపిస్తుంది, కాస్త పెద్దగా, అంతే. వెడల్పు రావాలంటే రెండుసార్లు విడిగా వాయించాలి. నాలుగుసార్లయితే ఇంకా మంచిది. 120 హెర్ట్జ్ కింద కోసేయండి, 300 దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి. లేకపోతే బేస్ గిటార్‌కి కూర్చోడానికి చోటుండదు.

2025 ఫిబ్రవరిలో, అంటే ‘రివెంజ్‌సీకర్జ్’కి రెండు నెలల ముందు, వెంచరింగ్ అనే మరో పేరుతో ‘ఘోస్ట్‌హోల్డింగ్’ పెట్టింది. అది మొత్తం గిటార్ రాక్. ఇది చాలామంది పక్కన పడేసే వివరం. నా లెక్కలో ఇదే తాళంచెవి. గిటార్‌కి వేరే ఇల్లు కట్టిచ్చేసింది కాబట్టే సొంత పేరు మీద వచ్చిన ఆల్బమ్‌లో అడ్డూ అదుపూ లేకుండా డిజిటల్‌గా పోగలిగింది. అంతకుముందు 2024లో జేపెగ్‌మాఫియా అనే ర్యాపర్ కచేరీలకి ముందు పాడింది. నిలబడి గెంతే జనం ముందు ఏడు నిమిషాల నిదానపు పాట ఎంతవరకు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

ఇక ‘రివెంజ్‌సీకర్జ్’లో పగిలేది మిక్స్. మొత్తం పాట. కిక్ కొట్టగానే సింథ్, గొంతు, సిమ్బల్, అన్నీ ఒకే తలుపులోంచి తోసుకుని వస్తున్నట్టుంటుంది. ర్యాప్ ధోరణిలో మాటలు, రేజ్ అనే ర్యాప్ శైలి సింథ్‌లు, స్టేడియం డాన్స్ సంగీతపు మెట్లు. ఒక పాటలో డెట్రాయిట్ ర్యాపర్ డానీ బ్రౌన్ కూడా వస్తాడు. అన్నీ కలిసి నలుగుతున్నా మాట మాత్రం వినిపిస్తుంది. అదీ కష్టమైన పని. మాస్టర్ మీద, అంటే అన్నీ కలిసిన చివరి ట్రాక్ మీద, ఒక లిమిటర్ (హద్దు దాటిన శబ్దాన్ని దించేది) పెట్టి వాల్యూమ్ పెంచితే ఇది రాదు. ఎందుకు రాదో ఇప్పుడు చూపిస్తాను.

(తెర మీద సాఫ్ట్‌వేర్ తెరిచారు: కిక్, 808 అనే లోతైన డ్రమ్ మెషీన్ బేస్, సింథ్, గొంతు, నాలుగు ట్రాకులు)

చూడండి, మాస్టర్‌లో లిమిటర్ పెట్టి 9 డెసిబెల్స్ నొక్కుతున్నాను. వినండి.

(వినిపించారు)

కిక్ పడినప్పుడల్లా గొంతు మునిగి తేలుతోంది, గమనించారా? లిమిటర్‌కి కిక్, గొంతు వేరని తెలియదు. కిక్ ఎత్తు దాటింది, మొత్తం పాటనే కిందికి దించింది, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత వదిలింది. ఆ వదలడమే మనకి ఊపిరాడనట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు లిమిటర్ తీసేసి పని పంచుతున్నాను. డ్రమ్ముల గ్రూప్ మీద క్లిపర్, 3 డెసిబెల్స్. 808 మీద సాఫ్ట్ క్లిప్ (కొనల్ని మెత్తగా కోసేది), 3. మాస్టర్ మీద ఇంకో క్లిపర్, 1 లేదా 2. చివర లిమిటర్, మహా అయితే ఒకటిన్నర. మొత్తం కలిపితే దాదాపు అదే 9. క్లిపర్ చేసేది వేరు. అల కొన దాటినంత మేర కోసేస్తుంది, ఆ క్షణం అయిపోగానే దాని ప్రభావం కూడా అయిపోతుంది. పక్కవాళ్లని కిందికి లాగదు. వినండి.

(వినిపించారు)

ఎత్తు దాదాపు అంతే. గొంతు మాత్రం కదలకుండా నిలబడింది.

808 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఈ పాట జి శ్రుతిలో ఉంది, 808ని జి దగ్గర పెట్టాను, 49 హెర్ట్జ్. మీ ఫోన్ స్పీకర్ 49 హెర్ట్జ్‌ని పలకదు, దాని వల్ల కాదు. అయినా ఫోన్‌లో ఈ పాట బేస్ వినిపిస్తుంది. ఎలా? అలని పైనా కిందా సమానంగా కోస్తే బేసి గుణకాలు, అంటే 49కి 3, 5, 7 రెట్లు, పుడతాయి: 147, 245, 343. ఫోన్ వీటిలో పైవాటిని పలుకుతుంది. ఆ వరస వినగానే మన మెదడు దాని అడుగున ఉండాల్సిన 49ని తనే పూరించుకుంటుంది. కాబట్టి 808ని పగలగొట్టడం రౌడీతనం కాదు, చిన్న స్పీకర్ దాకా బేస్‌ని మోసుకెళ్లే బండి. 808 శ్రుతిలో లేకపోతే మాత్రం ఈ గుణకాలన్నీ అపశ్రుతిలో పుడతాయి. మామూలు బీట్‌లో ఎవరూ పట్టించుకోని పావు స్వరం తేడా ఇక్కడ నెత్తిమీద కొట్టినట్టు వినబడుతుంది. ముందు శ్రుతి చూసుకోండి, తర్వాత పగలగొట్టండి.

క్లిప్ చేసినప్పుడు పుట్టే ఇంకో దయ్యం ఉంది. సెకనుకి 44,100 శాంపిళ్ల (అల కొలతల) సెషన్‌లో అందులో సగం, 22,050 హెర్ట్జ్, దాటినదేదీ ఉండడానికి వీల్లేదు. 9,000 హెర్ట్జ్ ఉన్న సిమ్బల్‌ని క్లిప్ చేస్తే మూడో గుణకం 27,000 కావాలి. దానికి చోటు లేదు కాబట్టి గోడకి తగిలిన బంతిలా వెనక్కొచ్చి 17,100 దగ్గర పడుతుంది. పాట శ్రుతితో దానికి ఏ చుట్టరికమూ ఉండదు. ఇసుక నమిలినట్టుంటుంది. విరుగుడు: మాస్టర్ క్లిపర్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ కొలతలతో లెక్కించడం) 4 రెట్లు పెట్టండి. అయితే పాత వీడియోగేమ్ గరగర కోసం పెట్టే బిట్‌క్రషర్‌లో అదే ఓవర్‌శాంప్లింగ్ పెడితే గరగరే పోతుంది. అక్కడ ఆపేయండి. ఒకచోట రోగమైనది ఇంకోచోట రుచి.

గొంతుకొద్దాం. మన పాటకీ ఈ పద్ధతికీ నిజమైన తగాదా ఇక్కడే వస్తుంది.

ఆటోట్యూన్‌లో రీట్యూన్ వేగం (స్వరాన్ని సరిచేయడానికి పట్టే సమయం) సున్నా పెడితే స్వరం నుంచి స్వరానికి గెంతుతుంది, జారదు. మన పాట నడిచేదే జారుడు మీద. గమకం వేస్తూ ఒక ఊగుడు పాడి సున్నా పెట్టారనుకోండి, ఆ ఊగుడు మెట్లు మెట్లుగా విరిగి, కప్ప బెకబెకలా వస్తుంది. ఒక్క మాటకి అది సరదాగా ఉండొచ్చు, పల్లవంతా అలా ఉంటే వినలేం. రెండు దారులున్నాయి. ఒకటి, గమకం లేకుండా నిటారుగా పాడి, జారుడు కావాల్సిన చోట ఎడిటర్‌లో చేత్తో గీయడం. రెండోది, గమకం ఉన్న మాటల్ని వేరే ట్రాక్‌లోకి తీసి అక్కడ వేగం 20, 25 మిల్లీసెకన్లు పెట్టడం. నేను రెండోదాన్నే సిఫారసు చేస్తాను, పాడేవాళ్ల ప్రాణం పోకుండా ఉంటుంది.

స్కేల్ పెట్టకుండా క్రోమాటిక్‌లో (పన్నెండు స్వరాలూ తెరిచి) వదిలేయడం ఇంకో తప్పు. కాస్త కిందికి పాడితే పక్క స్వరానికి అతుక్కుపోతుంది. మోహనంలో పాట కట్టారా, షడ్జమం సి అయితే, సి, డి, ఈ, జి, ఏ, ఈ ఐదే ఉంచి మిగతావి ఆపేయండి. మధ్యమం వైపు తూలినా గాంధారానికో పంచమానికో వచ్చి పడుతుంది.

శ్రుతి ఎత్తు, గొంతు పరిమాణం రెండూ ఒకటి కావు. మొత్తం 4 సెమీటోన్లు పైకి తోస్తే వేగం 26 శాతం పెంచినప్పుడు వచ్చే ఉడుత గొంతే వస్తుంది. రీల్స్‌లో రోజూ వింటున్నదే. ఫార్మెంట్ (గొంతు పరిమాణాన్ని తెలిపే గుణం) ఒక్కదాన్నే 2 సెమీటోన్లు పైకి జరిపి శ్రుతిని అక్కడే ఉంచితే గొంతు వయసు తగ్గినట్టు అనిపిస్తుంది, పాట మాత్రం కదలదు. 5 దాటించకండి. 6 కిలోహెర్ట్జ్‌లో ఉన్న ‘స’కారం 8కి ఎక్కి ఈల వేస్తుంది. తెలుగులో శ, ష, స మూడూ ఉన్నాయి, చ, జలు కూడా తోడు, కాబట్టి మనకి ఈ బాధ ఎక్కువే.

వరస ముఖ్యం. మొదట ట్యూనింగ్, ఎందుకంటే శుభ్రమైన అల ఇస్తేనే అది స్వరాన్ని పోల్చుకుంటుంది. రివర్బ్, డిస్టార్షన్ తర్వాత పెడితే ఏ స్వరమో తెలియక కొట్టుకుంటుంది. ఆపైన 100 హెర్ట్జ్ కింద కోత, తర్వాత డీఎస్సర్ (‘స’కారపు ఈలని తగ్గించేది) 4, 5 డెసిబెల్స్, తర్వాత కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచి ఎత్తు సమం చేసేది) నాలుగింట ఒకటి నిష్పత్తిలో. డిస్టార్షన్‌ని గొంతు మీద నేరుగా వేయకండి. పక్కన కాపీ ట్రాక్‌లో వేసి, అసలు గొంతు కింద 20 శాతం మేర కలపండి. హల్లులు శుభ్రమైన ట్రాక్‌లోంచి, కోపం పగిలిన ట్రాక్‌లోంచి వస్తాయి. ఇందాక అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. జేన్ కొత్త ఆల్బమ్‌లో అంత రభసలోనూ మాట అందుతోందంటే, పగలకుండా మిగిలింది హల్లులన్నమాట.

ఇంకొక్కటి, నిశ్శబ్దం. ఎంత పెద్ద శబ్దమైనా చెవి కొన్ని సెకన్లలో అలవాటు పడిపోతుంది. అందుకే పెద్ద దెబ్బకి ముందు ఖాళీ కావాలి. నిమిషానికి 150 బీట్ల వేగంలో ఒక బీట్ 400 మిల్లీసెకన్లు. అందులో సగం, 200, పూర్తిగా మూసేయండి. ట్రాకులు మ్యూట్ చేస్తే సరిపోదు, రివర్బ్ తోక వేరే ఛానల్‌లో మోగుతూనే ఉంటుంది, ఖాళీ ఖాళీగా ఉండదు. అన్నిటినీ ఒక గ్రూప్‌లోకి పంపి ఆ గ్రూప్‌ని మూయండి.

ఇవన్నీ చేసి మీ మాస్టర్ మైనస్ 6 లఫ్స్‌కి (చెవికి తగిలే ఎత్తు కొలత) వచ్చిందనుకోండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14కి సర్దుతుంది, అంటే మీ పాటని 8 డెసిబెల్స్ దించేస్తుంది. పక్కన నెమ్మది పాట ఉంటే దానిదే పైచేయి కావచ్చు. కాబట్టి అప్‌లోడ్ చేసే ముందు మాస్టర్ ఫేడర్ 8 కిందికి దించి వినండి. అప్పటికీ కోపం మిగిలి ఉంటే మీ పగలగొట్టుడు పని చేసినట్టు. లేకపోతే అది ఉత్త వాల్యూమ్. ట్రూ పీక్ (అల చేరే అసలు శిఖరం) మైనస్ 2 దగ్గర ఉంచండి, స్పాటిఫై కూడా మైనస్ 14 దాటిన మాస్టర్లకి అదే చెప్తుంది. లేదంటే ఫైలు కుదించినప్పుడు ఇంకోసారి పగులుతుంది, అది మీరు చేసింది కాదు.

ఆల్బమ్ మీద నా ఫిర్యాదు కూడా చెప్పాలి. నడిమి పాటల్లో ఈ ఖాళీలు తక్కువ. వరసగా వింటే సగం దాటాక చెవి మొద్దుబారుతుంది. ‘సెన్సస్’లో నెమ్మదిగా ఎక్కించే ఓపిక ఆమెకు ఎంతో ఉంది, ఇక్కడ దాన్ని కావాలనే వాడలేదు. ఆ ఎంపికని గౌరవిస్తాను, అలసట మాత్రం అలసటే.

ప్రశ్నలు?

(ఒకరు: నిమజ్జనం డీజే బాక్సుల్లోంచి వచ్చే సౌండ్ కూడా ఇలాగే పగులుతుంది కదండీ, తేడా ఏముంది?)

బాగా అడిగారు. అక్కడ పగిలేది ఆంప్లిఫయర్. దానిలోకి వెళ్లేది కలిపేసిన పాట, కాబట్టి తీన్‌మార్ దెబ్బ, గొంతు, అరుపు అన్నీ ఒకే కత్తికి తెగుతాయి. ఇందాక నేను ఒక్క లిమిటర్‌తో చేసినదానికి ఇంకా మొరటు రూపం. పైగా క్లిప్ అయిన ఆంప్లిఫయర్ నుంచి పై గుణకాల శక్తి అంతా ట్వీటర్‌కి పోతుంది, కాయిల్ మాడుతుంది. ఊరేగింపు సగంలో బాక్సు మూగబోతే కారణం చాలాసార్లు ఇదే. ఆల్బమ్‌లో ఏ భాగానికి ఆ భాగం విడిగా పగిలాక కలిసింది. మీ స్పీకర్‌కి చేరేది వోల్టేజ్ హద్దులోనే ఉన్న సిగ్నల్.

(ఇంకొకరు: లాప్‌టాప్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది. ఇవన్నీ కుదురుతాయా?)

బ్యాండ్‌ల్యాబ్ యాప్‌లో కుదిరినంత చేయండి. గొంతు ట్యూనింగ్ ఉంది, డిస్టార్షన్ ఉంది. 808ని, గొంతుని విడివిడిగా పగలగొట్టి ఆడియోగా దించి, మళ్లీ కొత్త ప్రాజెక్ట్‌లో పేర్చుకోండి. ఫోన్ మీద భారం కూడా తగ్గుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో పాడకండి, ఆలస్యం వల్ల తాళం తప్పుతుంది. వైరుదే పెట్టుకోండి.

(మొదటి వరుసలోంచి: మొత్తం ఆల్బమ్ వినాలంటే ఎంత వాల్యూమ్‌లో వినాలి?)

చెవులు మూసుకున్నది మీరే కదూ. లెక్క చెప్తాను. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు, అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగం. 94కి వచ్చేసరికి గంట, 100 దగ్గర పదిహేను నిమిషాలు. ఆల్బమ్ 50 నిమిషాలు. 94లో ఒకసారి పూర్తిగా విన్నారంటే ఆ రోజుకి మీ చెవి కోటా అయిపోవచ్చినట్టే.